గంగమ్మ పుట్టిల్లు

సముద్రం మీంచి ఉప్పుగాలి నేరుగా వచ్చి గల్లాపెట్టె తాళానికి తుప్పు పట్టించే అల్లూరు బజారులో, ఉన్ని కొని నిలవ పెట్టిన ఏకైక వర్తకుణ్ణి నేనే. ఈ విషయంలో నాకు ముందు ఎవరూ లేరు, తర్వాతా ఎవరూ రాలేదు, ఇకముందు వస్తారన్న భయమూ లేదు. మద్రాసు వెళ్ళి, నాలాంటి తెలివైనవాళ్ళను రోజుకు పదిమందిని చూసే ఒక సేటుతో పూటంతా బేరమాడి, చెప్పిన ధరను సగానికి దించి, రెండు బేళ్ళు రైలెక్కించాను. సగానికి దించానన్న సంతోషంలో ఆ మిగిలిన సగమైనా ఎందుకిస్తున్నానో ఆలోచించడం మరిచిపోయాను.

చైనా యుద్ధం వచ్చిన ఏడాది అది. సరిహద్దులో ఉన్న జవాన్ల కోసం పట్నాల్లో ఆడవాళ్ళు స్వెట్టర్లు అల్లుతున్నారని పేపర్లో చదివాను. నా బుర్ర వెంటనే లెక్క కట్టింది. అల్లూరులోనూ ఆడవాళ్ళున్నారు. వాళ్ళకూ దేశభక్తి ఉంది. లేనిదల్లా ఉన్ని. ఈ లెక్కలో ఎక్కడా తప్పు లేదు. మా ఊళ్ళో ఒక్క ఆడమనిషికీ ఉన్ని అల్లడం రాదన్న సంగతి లెక్కలోకి రాలేదు, అంతే. మార్గశిరంలో కూడా మధ్యాహ్నానికి వీపున చెమట కారే ఊళ్ళో ఆ విద్య ఎవరికి మాత్రం ఎందుకొస్తుంది?

బండిలోంచి బేళ్ళు దించుతుంటే మా నాయన వాకిట్లో నిలబడి చూశాడు.

"ఏందిరా అది?"

"ఉన్ని, నాయనా."

ఆయన కాసేపు తూర్పు దిక్కుకు చూశాడు. "సముద్రానికి గాని చలిజొరం వచ్చిందంట్రా?" అని లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ రెండు బేళ్ళలోంచి డబ్బిచ్చి ఉన్ని కొన్న మనిషి ఒక్కతే. ఆమె పోయిన వారం పోయిందట. చేపల తట్ట నెత్తిన పెట్టుకుని బజారుకు వచ్చిన వాళ్ళ పాళెం పిల్ల చెప్పింది. "శెట్టీ, పెద్దవ్వ పోయింది, తెలుసునా? పోయే ముందు గూడా గమ్మునుండలా. తూరుపు తలుపు ఎవురు మూసినారని అందర్నీ తిట్టి మరీ పోయింది."

తిట్టి పోయిందంటే నమ్మాను. ఆమె పేరేమిటో మాత్రం నాకు ఇప్పటికీ తెలియదు. అన్నేళ్ళు బేరమాడినవాణ్ణి, ఒక్కసారీ అడగలేదు. నేను 'పెద్దమ్మా' అనేవాణ్ణి. ఆమె నన్ను 'అబ్బయా' అనేది, ధర నచ్చకపోతే 'శెట్టీ' అనేది. ఎక్కువసార్లు శెట్టీ అనే అన్నది.

ఆమెది సముద్రపు ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ పాళెం. తెల్లవారి తట్ట నిండా చేపలతో వచ్చి, వీధులు తిరిగి అమ్ముకుని, పొద్దెక్కేసరికి మా కొట్టు ముందుకు వచ్చేది. మేము చేపలు ముట్టే ఇంటివాళ్ళం కాదు కనుక, ఖాళీ అయిన తట్టను వీధి అవతల బోర్లించి దాని మీద కూర్చునేది. బేరమంతా అక్కడి నుంచే. నేను గల్లాపెట్టె దగ్గరి నుంచి, ఆమె తట్ట మీది నుంచి, మధ్యలో బండ్లూ బస్సులూ పోతుంటే కిరసనాయిలు ధర మీద అరుచుకునేవాళ్ళం. బస్సు అడ్డం వస్తే ఆగి, అది పోయాక, విడిచిపెట్టిన పైస దగ్గరే మళ్ళీ పట్టుకునేది.

అంత బేరగత్తె రెండు సరుకుల దగ్గర నోరు మూసుకునేది. కర్పూరం, పసుపు. "ఆయమ్మ సరుకు. చెప్పింది తీసుకో" అని డబ్బులు లెక్క కూడా చూడకుండా మా కొట్టు కుర్రాడి చేతికిచ్చి పంపేది. ఆయమ్మ అంటే గంగమ్మ. సముద్రం.

గంగమ్మతో ఆమె మాట్లాడే తీరు చూసినవాళ్ళు మొదటిసారి బెదిరిపోయేవాళ్ళు. చేతులు జోడించేది కాదు. తట్ట మీంచి లేచి, మా కొట్టులోని లక్ష్మీదేవి పటానికి వీపు చూపించి, తూర్పుకు తిరిగి, రెండు చేతులూ నడుముకు ఆనించుకుని, ప్రహరీ అవతలి పొరుగింటామెను పిలిచినట్టు గట్టిగా పిలిచేది.

"ఏమ్మా, ఉండావా?"

ఆ తర్వాత ఆగేది. బదులు వినేంత సేపు ఆగి, "సరే, ఇను" అని మొదలుపెట్టేది. వల చిరిగిన సంగతీ, కోడలి వరసైన ఒకామె నోటి దురుసూ, నా తక్కెడ తీరూ అన్నీ చెప్పేది. చివర కోరిక ఏదైనా ఉంటే ఒక్క ముక్కలో అడిగేది. అడిగాక మళ్ళీ ఆ ఊసు ఎత్తేది కాదు. "చెప్పినా గదా. చెవిటిదా ఏంది, మళ్ళా మళ్ళా చెప్పేదానికి?" అనేది. రోజూ నూటెనిమిదిసార్లు లక్ష్మిని పేరుపెట్టి పిలిచే నాకు ఈ మాట కొంచెం గుచ్చుకునేది.

ఆమెకు ఒక్కడే కొడుకు. యుద్ధానికి రెండేళ్ళ ముందు వల దగ్గర తండ్రితో తగువు పడి, అలిగి నెల్లూరు పోయి, మిలిటరీలో చేరాడు. తండ్రి ఆ మరుసటేడే జ్వరంతో పోయాడు. కొడుకు కండబలం ఉన్నవాడు, ఈతలో చేపలాంటివాడు. తీసుకున్నారు. తీసుకుని, సముద్రం కంటికి కనపడని కొండల్లోకి పంపారు. దేశాన్ని ఏలేవాళ్ళ తెలివి మీద ఆమెకు మొదటిసారి అనుమానం వచ్చింది అప్పుడే. "చేపను తీసకపోయి చెట్టు మీద కూర్చోబెట్టినారు, చూడబ్బయా" అనేది.

యుద్ధం మొదలయ్యాక ఆ కొండల పేర్లు రోజూ రేడియోలో వినపడేవి. మా కొట్టుకు ఎదురుగా పంచాయతీ ఆఫీసు. వార్తల వేళకు బజారంతా ఆ రేడియో కింద చేరేది. వార్తలు మంచివి కావు. మనవాళ్ళు వెనక్కి వస్తున్నారని వాళ్ళు నేరుగా చెప్పేవాళ్ళు కాదు, ప్రతిరోజూ ఇంకొంచెం కిందున్న ఊరి పేరు చెప్పేవాళ్ళు. స్కూలు అయ్యవారు గోడమీది పటంలో వేలుపెట్టి చూపిస్తే, ఆ వేలు రోజుకింత మనవైపు జారేది. దసరా నుంచి కొడుకు దగ్గర్నుంచి కబురు లేదు. ఆమె తట్ట బోర్లించి కూర్చుని అయ్యవారి వేలునే చూసేది.

ఒకరోజు అయ్యవారు, దుఃఖంలో ఉన్న మనిషికి కాస్త తిక్క కూడా పుడుతుంది కాబోలు, ఆమె మీదికి తిరిగాడు. "ఏమ్మే, నీ గంగమ్మ ఏం చేస్తా ఉంది? ఆమె అధికారం సముద్రం దాకానేనా? కొండలెక్కలేదా?"

బజారంతా నవ్వింది. నేనూ నవ్వాను.

ఆమె లేచింది. "అయ్యోరా, చదువుకున్నోడివి. గంగమ్మ పుట్టిల్లు యాడ?"

అయ్యవారు పటం వైపు తిరిగాడు.

"చెప్పు. హరికథల్లో మేమూ ఇన్నాం. ఆయమ్మ హిమవంతుడి బిడ్డ. మంచుకొండ పుట్టిల్లు, సముద్రం మెట్టినిల్లు. ఇప్పుడు చైనావోడు జొరబడింది యాడ? ఆయమ్మ పుట్టింట్లో. పుట్టింట్లోకి దొంగోడు దూరినాడంటే ఆడబిడ్డ గమ్మునుంటదా? నీ పెళ్ళాన్ని అడిగిరా పో."

ఈసారి బజారు నవ్విన నవ్వు పంచాయతీ ఆఫీసు పెంకులు లేపింది. నవ్విన మొదటివాడు అయ్యవారే. ఎన్నో రోజుల తర్వాత ఆ రేడియో కింద నవ్వు వినపడింది. దేశంలో పెద్దలందరూ తల పట్టుకున్న ఆ వారంలో, మా అల్లూరు బజారులో మాత్రం యుద్ధం ఒక ఇంటి తగువు అయి కూర్చుంది, ఇంటి తగువుల్లో ఆడబిడ్డ ఓడిపోయిన దాఖలా మాలో ఎవరికీ గుర్తు లేదు.

కానీ వార్తలు బాగుపడలేదు. ఇక అస్సాం కూడా పోతుందేమో అనుకున్న రోజున ఆమె తట్టలో సగం చేపలు అలాగే ఉండిపోయాయి. మిగతా వీధులు తిరగకుండానే వచ్చేసింది. నాకు జాలి వేసింది. జాలి వేసినప్పుడు వర్తకుడు సలహా ఇస్తాడు. దానికి ఖర్చుండదు.

"పెద్దమ్మా, ఊరికే మీరు మీరు మాట్లాడుకుంటే ఎట్టా? మొక్కు గట్టిగా పెట్టుకోవాల. నెల్లూరు రంగనాయకులస్వామికి అర్చన చేయిస్తా. మీవాడి పేరేంది? పేరు చెప్పి, వాడు క్షేమంగా..."

వీధి దాటదనుకున్న మనిషి వీధి దాటి వచ్చింది. చేపల వాసనతో సహా వచ్చి, గల్లాపెట్టె మీదుగా చెయ్యి చాపి నా నోరు మూసింది. లోపలి నుంచి మా నాయన చూసి, ఏం జరుగుతోందో అర్థంకాక మళ్ళీ లోపలికే వెళ్ళాడు.

"పేరెత్తబాక" అంది.

మళ్ళీ వెళ్ళి తట్ట పక్కన కూర్చున్నాక చెప్పింది. పడవ పొద్దు గూకినా తిరిగి రాకపోతే పాళెంలో ఆడవాళ్ళంతా ఇసకలోకి వచ్చి నిలబడతారు. గంగమ్మను పిలుస్తారు. కానీ ఎవరూ తన మనిషి పేరు ఎత్తకూడదు. పడవ రావాలని అడగాలి, అంతే.

"నా మొగుడు రావాల అంటే ఏందబ్బయా అర్థం? పక్కదాని మొగుడు రాకపోయినా పర్లేదనా? అందరూ ఎక్కింది ఒకటే పడవ. ఒకణ్ణి తేవాలన్నా ఆయమ్మ పడవను తేవాల్సిందే గదా."

"నువ్వెప్పుడూ ఎత్తలేదా?"

"ఎత్తినా. కొత్త పెళ్ళికూతుర్ని. గాలొచ్చింది, పడవ రాలా. ఓర్చుకోలేక మొగుడి పేరు పెట్టి కేకేసినా. మా అత్త ఇసకలోనే ఒకటి పీకింది."

"అయ్యో. పడవ వచ్చిందా?"

"వచ్చింది. అందరూ వచ్చినారు. ముసిల్ది మటుకు మళ్ళా ఉగాది దాకా నాతో మాట్లాడలా." ఆ కష్టంలోనూ కిసుక్కున నవ్వింది. "అదే మేలైంది అనుకో."

తర్వాత తూర్పుకు తిరిగి, నడుముకు చేతులు ఆనించి, "ఏమ్మా, ఉండావా? సరే, ఇను. ఆ కొండల మీద ఉండే పిలకాయల్ని అందర్నీ దించి ఒడ్డుకు తోలు" అంది. కొడుకు మాట లేదు. అంతే. మళ్ళీ నా వైపు తిరిగి, అటక మీద కనపడుతున్న బేళ్ళ వైపు చూసింది.

"అదేందది, శెట్టీ?"

నాకు ప్రాణం లేచివచ్చింది. స్వెట్టర్ల సంగతి చెప్పాను. చలి గురించి చెప్పాను. మంచు గురించి, నేను చూడకపోయినా, చాలా బాగా చెప్పాను. ధర చెప్పాను. ఆమె ఒక ఉండ అడిగి తెప్పించుకుని, వాసన చూసి, పోగు లాగి చూసి, మోకాలి మీద పురి వేసి చూసింది.

"వల నూలు దీనికంటే గట్టిది. ఎవురన్నా కొన్నారా?"

"బోలెడు మంది."

"ఊఁ. ఆ బేళ్ళ మీద బల్లి పిల్లల్ని పెట్టింది చూడు."

బల్లి నిజంగానే పెట్టింది. ఆ తర్వాత జరిగిన దాన్ని బేరం అనలేం. నేను మద్రాసు సేటును సగానికి దించితే ఆమె నన్ను అందులో సగానికి దించింది. "ఆయమ్మ సరుకు గదా, బేరమేంటి పెద్దమ్మా?" అని ఆఖరి అస్త్రం వేశాను. "ఆయమ్మకా? ఆయమ్మకు సలేంది, పుట్టింటి మంచు ఆమెకు అలవాటే. ఇది పిలకాయలకి. ఇయ్యి" అంది.

వాళ్ళకు స్వెట్టరు అల్లడం రాదు. వచ్చింది వల అల్లడం. పాళెం ఆడవాళ్ళంతా కూర్చుని, వలలు అల్లే చెక్క సూదులతోనే అల్లారు. వారం తర్వాత ఆమె తెచ్చి నా ముందు విప్పింది. ఆకుపచ్చ ఉన్నితో వల. తల దూరడానికి ఒక కంత, చేతులకు రెండు కంతలు, మిగతావన్నీ కూడా కంతలే. బొటనవేలు దూరేటంత కళ్ళు.

నవ్వు ఆపుకోవడం నా వల్ల కాలేదు. "పెద్దమ్మా, చలి చేప కాదు, వలలో పట్టేదానికి!"

"సన్న కన్ను వేస్తే ఉన్ని చాల్లా. నువ్వు తూచింది ఎంత?" అని నన్నే తగులుకుంది. "లోపల తొడుక్కుని పైన చొక్కా వేసుకుంటే గాలి యాడికీ పోదు. గమ్మునుండు."

"ఇంత పెద్దదేంది? మీవాడి కొలతేనా?"

"వలకు కొలతేంది అబ్బయా? ఎవురొస్తే వాళ్ళు పడతారు."

తాలూకా ఆఫీసు గుమాస్తా జవాన్ల కోసం ఇచ్చేవి పుచ్చుకోవడానికి బల్ల వేసుకుని కూర్చునేవాడు. ఆయన దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి వెలుతురుకు పట్టి చూశాడు. కంతల్లోంచి ఆయన ముఖం నాకు స్పష్టంగా కనపడింది. "ఏమిటమ్మా ఇది? బంతులాటకు కట్టే వలా?" అన్నాడు. ఆమె బల్ల ముందు తట్ట బోర్లించి కూర్చుంది. అడగలేదు, అరవలేదు, కూర్చుంది. మధ్యాహ్నపు ఎండకు తట్ట వాసన పుంజుకుంది. గుమాస్తా కాసేపు ముక్కు మూసుకున్నాడు. తర్వాత రసీదు రాశాడు.

ఆ వల ఏ మంచుకొండ మీద ఎవరి ఒంటికి చేరిందో, దారిలో ఏ వంకాయల గంపకు కప్పారో నాకు తెలియదు. ఆమె ఎప్పుడూ విచారించలేదు. చెప్పింది కదా, మళ్ళీ మళ్ళీ చెప్పడానికి గంగమ్మ చెవిటిది కాదు.

యుద్ధం దానంతటదే ఆగింది. ఆడబిడ్డ తరిమిందని బజారు అంది. సంక్రాంతి పోయింది, శివరాత్రి పోయింది, కబురు రాలేదు. ఆమె రోజూ వచ్చేది, కిరసనాయిలు దగ్గర పైసకు పైస కొట్లాడేది. ఆ ఊసు నేను ఎత్తలేదు. ఎత్తితే మళ్ళీ నోరు మూస్తుందని భయం. కానీ ఒకటి గమనించాను. నెల్లూరు బస్సు వచ్చినప్పుడల్లా ఆమె బేరం మరిచిపోయేది. బస్సు పోయాక ఎక్కడ విడిచిందో నేను గుర్తుచేయాల్సి వచ్చేది. ఇది నాకు లాభమే అయినా, ఆ లాభం మింగుడుపడేది కాదు.

ఎండలు ముదిరిన రోజుల్లో, ఆమె తట్ట మీద కూర్చుని ఉండగానే, ఆ బస్సులోంచి కొడుకు దిగాడు. చిక్కిపోయాడు. కుడికాలు కుంటుతున్నాడు. నేను గల్లాపెట్టె తెరిచి పెట్టి వీధిలోకి పరుగెత్తాను. మా వంశంలో ఎవరూ చేయని పని అది.

ఆమె పరుగెత్తలేదు. లేచి నిలబడి కొడుకును చూసింది. తర్వాత కొడుకు వెనక బస్సు తలుపు వైపు చూసింది. ఒక గడ్డిమోపు దిగింది, ఒక ముసలాయన దిగాడు. బస్సు కదిలి పోయేదాకా ఆ తలుపునే చూసి, అప్పుడు కొడుకు దగ్గరికి వచ్చి, వీపు మీద ఒకటి చరిచింది.

"కాలేందిరా?"

"మంచు తినేసిందిమా. రెండు వేళ్ళు తీసేసినారు. ఆసుపత్రిలోనే ఉండిపోయినా."

"ఎనిమిది ఉండాయిలే. తెప్ప మీద నిలబడేదానికి చాలు" అని, అప్పుడు ఏడ్చింది. ఏడుస్తూనే, కబురంపనందుకు నడివీధిలో వాడి తాతముత్తాతలందర్నీ తిట్టింది.

నేను లోపలికి వెళ్ళి, గంగమ్మకు పొంగలి పెట్టుకోమని మేలురకం బెల్లం తూచి, పొట్లం కట్టి ఇచ్చాను. ఉచితంగా. తూకంలో మొగ్గు కూడా వేశాను. మా నాయన చూసి కళ్ళు నులుముకున్నాడు.

మర్నాడు ఆమె ఆ పొట్లం విప్పకుండా తెచ్చి నా ముందు పెట్టింది.

"ఇది తీసుకుని ఉప్పియ్యి, అబ్బయా."

"పొంగలి పెట్టలేదా?"

"పెట్టాల. ఉప్పు పొంగలి." నేను తెల్లమొహం వేస్తే చెప్పింది. "పడవ నిండుగా వస్తే తీపి పొంగలి పెడతాం. ఒక్కడు తగ్గినా ఉప్పే."

"మీవాడు వచ్చాడు కదా?"

"వాడొచ్చినాడు. వాడితో పాటు కొండెక్కినోళ్ళు ఎందరు దిగినారని రాతిరి అడిగినా. చెప్పలా. రెండోసారి అడిగితే గోడకు తిరిగి పడుకున్నాడు." ఆమె తట్ట అంచు గోళ్ళతో గీరింది. "పడవ రాలా, అబ్బయా. వాడొచ్చినాడు."

"గంగమ్మ మీద అలిగినావా, పెద్దమ్మా?"

"అలిగేదేంది? తీపి పెట్టినా ఆయమ్మ తింటది, ఉప్పు పెట్టినా తింటది. అబద్ధం పెడితే తినదు."

ఉప్పు కొలిచాను. ఐదు పైసలన్నాను. మూడిచ్చింది.

"ఆయమ్మ సరుక్కి బేరమాడనన్నావే?"

"ఉప్పెవురిది? ఆయమ్మది. ఆయమ్మ సరుకు ఆయమ్మకే అమ్ముతాండావు, సిగ్గులేదా శెట్టీ? సాయంకాలం పాళేనికి రా, తిందువుగాని. బియ్యం, ఉప్పు. మీ మడికేం కాదులే."

వెళ్ళాను. ఇంట్లో చెప్పకుండా వెళ్ళాను. కొడుకు ఇసకలో కుంటుకుంటూ పుల్లలు ఏరి తెచ్చాడు. పొంగలి కుండ దించి, ఆమె సముద్రానికి ఎదురుగా నడుముకు చేతులు ఆనించింది.

"ఏమ్మా, ఉండావా?" ఆగింది. అలలు వచ్చి పోయాయి. "సరే, ఇను. ఒకణ్ణి పంపినావు, తీసుకున్నా. రానోళ్ళు నీ పుట్టింట్లోనే ఉండారంట. ఆడ సలి జాస్తి. నీవాళ్ళతో చెప్పి కాస్త కప్పించు."

అంతే అడిగింది. తర్వాత మా అందరికీ ఆకుల్లో పెట్టి, నేను తినే తీరు చూసి, ఇంత మెల్లిగా తినేవాడు వ్యాపారం ఏం చేస్తాడని పాళెమంతటికీ వినపడేలా అడిగింది.

ఇక లెక్క. ఆమె అడిగింది పడవ నిండా మనుషుల్ని. దిగింది ఒకడు, అదీ రెండు వేళ్ళు తక్కువ. అందుకు ఆమె కుండెడు పొంగలి చెల్లించింది, రవ్వంత ఎగ్గొట్టకుండా, లేని తీపి ఒక్క పలుకైనా కలపకుండా. ఉప్పుకు నాకు రావలసినవి ఐదు పైసలు, వచ్చినవి మూడు. సరుకు నాది కాదని ఒప్పుకుని పుచ్చుకున్నాను. చెల్లు.